పాత 3060 గ్రాఫిక్స్ కార్డు కొనాలా, కొత్త 6600 కొనాలా? (25 వేల లోపు)

జీడితోట:
అందరికీ నమస్కారం. మాది ఉద్దానం, పలాస దగ్గర పల్లె. రైజెన్ 5 3600 ప్రాసెసర్, బీ450 మదర్‌బోర్డు, 16 జీబీ ర్యామ్, 1080పీ మానిటర్ ఉన్నాయి. ఫ్రెండ్ ఇచ్చిన పాత కార్డుతో ఇన్నాళ్లూ నెట్టుకొచ్చాను, నిన్న స్క్రీన్ నిండా గీతలొచ్చి అది కాస్తా పోయింది. కొత్త ఆర్‌ఎక్స్ 6600 8 జీబీ తీసుకోనా, లేక శ్రీకాకుళంలో ఒకతను 15 వేలకు ఇస్తానంటున్న ఆర్‌టీఎక్స్ 3060 12 జీబీ తీసుకోనా? 2018లో తిత్లీ తుపాను తర్వాత కరెంటు వచ్చిన రోజే మా టీవీ కాలిపోయింది, అందుకే వోల్టేజీ అంటే భయం. ఇంకోటి, కేబినెట్‌లో టేపు పెట్టి కొలిస్తే కార్డు పట్టే చోటు హార్డ్‌డిస్క్ పెట్టె దాకా 22 సెంటీమీటర్లే వచ్చింది. వైఫై కార్డు కూడా పెట్టాలి.

గంటస్తంభం:
కొత్తదే కొను బాబూ. విజయనగరంలో 14 ఏళ్లుగా పీసీలు బిగిస్తున్నాను. 2022 సెప్టెంబరులో ఇథీరియం మైనింగ్ (ఈ కార్డులతో క్రిప్టో నాణేలు సంపాదించడం) ఆగిపోయాక, రాత్రీ పగలూ నడిచిన కార్డులకు బ్రష్షు కొట్టి "ఇంట్లో వాడిందే అన్నా" అని అమ్మేశారు. మొన్న ఒకటి విప్పితే థర్మల్ ప్యాడ్ల నూనె కారి మెమరీ చిప్పుల చుట్టూ జిడ్డు, స్క్రూల మీద తుప్పు. పైగా 6600 తినేది 132 వాట్లు, 3060 అయితే 170.

వంశధార_గట్టు:
అయ్యా, 3060 వచ్చిందే మైనింగ్ వేగం తగ్గించే లాక్‌తో, 2021 ఫిబ్రవరిలో. తెలియకుండా భయపెట్టకండి. 6600కి ఉన్నవి 8 లేన్లే (బోర్డుకీ కార్డుకీ మధ్య డేటా నడిచే దారులు), బీ450 బోర్డేమో పీసీఐఈ జెన్ 3, పాత తరం స్లాట్, అంటే సగం దారి మూసేసినట్టే కదా. 3060కి 16 లేన్లు, 12 జీబీ, గేమ్ వేగం పెంచే డీఎల్ఎస్ఎస్. ఇంకా చర్చేటి?

గంటస్తంభం:
ఆ లాక్‌ని మరుసటి నెలలోనే కంపెనీ వాళ్ల బీటా డ్రైవరే పొరపాటున తీసేసింది. జెన్ 3లో 8 లేన్లంటే సెకనుకు దాదాపు 8 జీబీ వెళ్తుంది, కార్డు మెమరీ నిండనంతవరకు తేడా కంటికి ఆనదు. లేన్ల దెబ్బ తగిలేది 6500 ఎక్స్‌టీకి, దానికి 4 లేన్లు, 4 జీబీ. ఇది 6500 కాదు.

ఉల్లిభద్ర:
సౌండ్ కార్డు అక్కర్లేదా? 😀

జీడితోట:
అన్నలూ, 22 సెంటీమీటర్ల సంగతి?

వంశధార_గట్టు:
నిండనంతవరకు అన్నారు చూడండి, నేను చెప్పేదీ అదే. ఇప్పటి గేముల్లో టెక్స్చర్లు హైలో పెడితే 8 జీబీ నిండుతోంది, నిండాక ర్యామ్ నుంచి తెచ్చుకోడానికి లేన్లే దిక్కు. లేన్ల సంగతి ఒప్పుకోండి ముందు.

గంటస్తంభం:
మీడియంలో పెట్టుకుంటాడు. వారంటీ లేని కార్డు పోతే ఏం పెట్టుకుంటాడు?

వంశధార_గట్టు:
వారంటీ! నేనూ ఒక షాపులో కొత్తదే కొన్నాను, పేరెందుకు. మూడు నెలలకు డిస్‌ప్లే పోయింది. విశాఖ పంపాలన్నారు, 40 రోజులు తిప్పారు, చివరికి ఎవరో వాడేసిన కార్డు చేతిలో పెట్టారు. అంటే కొత్త రేటుకు సెకండ్‌హ్యాండ్ కొన్నాను. షాపు వాళ్లు కొత్తదే కొనమనక ఇంకేమంటారు లెండి.

గంటస్తంభం:
అవును, షాపు వాడినే. కుర్రాళ్లొచ్చి అరగంట కూర్చుని, ఏ బోర్డుకి ఏది సరిపోతుందో నా చేత రాయించుకుని, నా బల్ల ముందే ఫోన్లో ఆర్డరు పెడతారు. వారం తిరక్కుండా ఆ పార్సిల్ పట్టుకుని "అన్నా, డిస్‌ప్లే రావట్లేదు" అని మళ్లీ నా దగ్గరికే. చూసిపెట్టి డబ్బులడిగితే మొహం మాడ్చుకుంటారు. చవగ్గా వచ్చిందని మీరు మురిసిపోతారు, దాని చాకిరీ మాత్రం నాది, అదీ ఊరికే.

వంశధార_గట్టు:
అదీ సంగతి! ఇంతసేపూ మైనింగు మీదికి నెట్టారు. పని డబ్బులు పనికి అడగండి, ఇస్తాం, రేటు గోడ మీద రాసి పెట్టండి. కార్డు మార్జిన్లో రాబట్టుకోవాలని ఉన్నవన్నీ చెత్త అంటే ఎలా? ఆ 10 వేలు మిగిలితే ఈ కుర్రాడికి పీసీకి కరెంటిచ్చే మంచి ఎస్‌ఎంపీఎస్, యూపీఎస్ వస్తాయి, అతని భయం వోల్టేజీ గురించి.

గంటస్తంభం:
రాసి పెట్టాను, 2019లో. ఎవడూ చదవలేదు.

ఉల్లిభద్ర:
తమ్ముడూ, వాళ్లను వదిలెయ్. రెండు కార్డుల్లోనూ 20 సెంటీమీటర్ల లోపు మోడళ్లు ఉన్నాయి, శ్రీకాకుళం అతన్ని కార్డు పక్కన స్కేలు పెట్టి ఫోటో పంపమను. గేమ్ అరగంట నడుస్తున్న వీడియో కూడా అడుగు. వైఫై కార్డుకి చిన్న స్లాట్ చాలు, కానీ గ్రాఫిక్స్ కార్డు మందానికి పక్క స్లాట్ మూసుకుపోవచ్చు. అప్పుడు కింద పొడుగు స్లాట్‌లో పెట్టినా నడుస్తుంది. హార్డ్‌డిస్క్ పెట్టె స్క్రూలతో ఉంటే ఊడదీసెయ్, గొడవే లేదు.

జీడితోట:
థాంక్స్ అన్నా. ఇప్పుడే చూశాను, స్క్రూలు కావు, రివెట్లు.

గంటస్తంభం:
డ్రిల్లు నా దగ్గర ఉంది. 300.