పాయింట్లు సరిగ్గానే వస్తున్నాయి, సంతకం మాత్రం చెల్లట్లేదు

పలాస కుర్రాడు:
మావయ్య జీడిపప్పు ప్యాకెట్ల మీద క్యూఆర్ కోడ్ పెట్టి, అందులో గ్రేడు, లాట్ నంబరు, డిజిటల్ సంతకం ఉంచడం నా ఫైనలియర్ ప్రాజెక్టు. లైబ్రరీ వాడొద్దు, వెరిఫికేషన్ పైథాన్‌లో సొంతంగా రాయమన్నారు మా సార్. సంతకం ఎలిప్టిక్ కర్వ్ పద్ధతిది, అంటే ఒక వక్రరేఖ మీది పాయింట్లతో లెక్క; ఆ కర్వ్ పేరు సెక్‌పీ256కే1. పాయింట్ల కూడిక పుస్తకంతో సరిపోతోంది, కానీ అసలైన సంతకాన్ని కూడా చెల్లదంటోంది. సంతకంలో ఆర్, ఎస్ అని రెండు సంఖ్యలుంటాయి కదా, ఎస్‌కి ఇన్వర్స్ (ఎస్‌తో గుణించి పీతో భాగిస్తే శేషం 1 వచ్చే సంఖ్య) మాడ్ పీలో, పైథాన్ పవ్ ఫంక్షన్‌కి -1 ఇచ్చి తీస్తున్నా. సోమవారమే రివ్యూ, ఒకటే టెన్షన్.

రాజాం నుంచి:
హ్యాష్ (మెసేజ్ నుంచి తీసే సంఖ్య) సంతకం చేసేవైపు, సరిచూసేవైపు రెండు చోట్లా ప్రింట్ చేసి చూడు తమ్ముడూ. చాలాసార్లు లాట్ నంబరు చివర న్యూలైన్ దూరుతుంది.

విజయనగరం మాస్టారు:
హ్యాష్ జోలికి తర్వాత వెళ్దువు గానీ, ఇన్వర్స్ సంగతి చూడు బాబూ. పీ అనే ప్రధాన సంఖ్య పాయింట్ల ఎక్స్, వై విలువలకి. ఎస్, ఆర్, హ్యాష్ లెక్కంతా ఎన్‌తో, అంటే జీ ఆర్డరుతో (జీ లెక్క మొదలయ్యే పాయింటు, దాని గుణిజాలు ఎన్ దాకా వెళ్లి మళ్లీ మొదటికి వస్తాయి). నీ కర్వ్‌లో రెండూ హెక్స్‌లో 31 ఎఫ్‌లతో మొదలవుతాయి, చూస్తే తేడా తెలిసి చావదు. అందుకే నేను పిల్లలకి ముందు బుల్లి కర్వే ఇస్తాను: వై² = ఎక్స్³ + 2ఎక్స్ + 2, పీ 17, జీ (5, 1), ఎన్ 19. రహస్య కీ 7, పబ్లిక్ కీ (0, 6), హ్యాష్ 5, ఆర్ 7, ఎస్ 13. మాడ్ 19లో 13 ఇన్వర్స్ 3. యూ1 అంటే హ్యాష్‌ని ఇన్వర్స్‌తో గుణిస్తే 15, యూ2 అంటే ఆర్‌ని గుణిస్తే 2; యూ1 సార్లు జీ, యూ2 సార్లు పబ్లిక్ కీ కూడితే పాయింటు (7, 11). ఎక్స్ 7, ఆర్ 7, సంతకం చెల్లింది. అదే మాడ్ 17లో చేస్తే ఇన్వర్స్ 4, యూ1 3, యూ2 11, తేలేది (3, 1), ఎక్స్ 3, ఆర్‌తో కలవదు. కాగితం మీద వేసి చూడు, పావుగంట పని.

పలాస కుర్రాడు:
ఎన్ పెట్టగానే చెల్లింది మాస్టారూ! చివర్లో ఎక్స్‌ని కూడా మాడ్ ఎన్ చేయాలా? చేయకపోయినా టెస్టులన్నీ పాసవుతున్నాయి.

విజయనగరం మాస్టారు:
చెయ్యాలి. నీ కర్వ్‌లో ఎన్ పీ కన్నా ఓ పిసరు చిన్నది, ఎక్స్ ఎన్‌ని దాటడం దాదాపు జరగదు, అందుకే టెస్టులకి దొరకదు. ఇంకోటి, అన్నిటికన్నా ముందు ఆర్, ఎస్ 1 నుంచి ఎన్-1 లోపు ఉన్నాయో లేదో చూడు. ఈ తనిఖీ లేకే జావా 15 నుంచి 18 దాకా రెండూ సున్నాలున్న సంతకాన్ని ఏ మెసేజ్‌కైనా ఒప్పేసుకుంది, 2022లో బయటపడింది. నువ్వు పవ్‌కి -1 ఇస్తున్నావు కాబట్టి సున్నా వస్తే పైథాన్ ఎర్రర్ ఇస్తుంది. ఎన్-2 ఘాతంతో ఇన్వర్స్ తీసేవాళ్లకి ఆ అదృష్టం లేదు, కిమ్మనకుండా సున్నా చేతిలో పెడుతుంది.