నలుగురే హాజరు, అందులో ఒకరికి కాంట్రాక్టరుతో చుట్టరికం: కోరం ఉన్నట్టా, లేనట్టా?

కొత్త_సెక్రటరీ:
మాది రిటైరైనవాళ్ల కమ్యూనిటీ. బోర్డులో 7 సీట్లు, ఒకటి ఖాళీ. ఒకరు ఆస్పత్రిలో, ఇంకొకరు ప్రయాణంలో. వచ్చేది నలుగురే. ఎజెండాలో వంటశాల కాంట్రాక్టు రెన్యువల్ ఉంది, కాంట్రాక్టరేమో ఆ నలుగురిలో ఒకరికి అల్లుడు. ఆయన బయటికెళ్తే కోరం (సమావేశం చెల్లడానికి ఉండాల్సిన కనీస హాజరు) పోతుందా? ఆస్పత్రిలో ఉన్నవారి బదులు పవర్ ఆఫ్ అటార్నీ ఉన్న కొడుకు ఓటేయొచ్చా?

బైలా_పుస్తకం:
కొడుకు ఓటు కుదరదండీ. పవర్ ఆఫ్ అటార్నీ ఆయన సొంత ఆస్తికీ బ్యాంకు పనులకే. బోర్డు సీటు ఆ మనిషిని చూసి ఇచ్చింది. ప్రాక్సీ (ఒకరి బదులు ఇంకొకరు ఓటేయడం) కూడా మామూలుగా జనరల్ బాడీలోనే, అంటే సభ్యులందరి సమావేశంలోనే చెల్లుతుంది. బైలాస్ (మీ సంఘం నియమావళి) ఒప్పుకుంటే ఆస్పత్రిలో ఉన్నాయనే వీడియో కాల్‌లో రావచ్చు.

కోరం "మొత్తం సీట్లలో సగానికి మించి" అంటే 7కి 4. "పదవిలో ఉన్నవారిలో" అన్నా 6కి 4 కావాల్సిందే, ఖాళీ సీటు వల్ల కలిసొచ్చేదేం లేదు. సంబంధం ఉన్న సభ్యుణ్ణి కోరంలో లెక్కించాలా వద్దా అన్నది వేరే క్లాజు. లెక్కించొచ్చని ఉంటే ఆయన చుట్టరికం ప్రకటించి, చర్చకు ముందే బయటికెళ్లి, ఓటు మానుకుంటే సరి. వద్దని ఉంటే మిగిలేది ముగ్గురు, తీర్మానం నిలవదు.

లెక్కలమనిషి:
క్లాజు ఒప్పుకున్నా ముందు ఖాళీ సీటు నింపండి. బైలాస్‌లో కో-ఆప్ట్ (ఖాళీ సీటులోకి బోర్డే ఒకరిని తీసుకోవడం) ఉంటే ఆ తీర్మానానికి నలుగురూ ఓటేయొచ్చు. అప్పుడు మామగారు బయటికెళ్లినా నలుగురు మిగులుతారు. కాకపోతే పేరు ప్రతిపాదించేది ఆయన కాకూడదు, రేపు అదే గొడవవుతుంది.

రెన్యువల్‌కి మూడు కొటేషన్లు తీసుకోండి. అందరికీ ఒకే మెనూ, ఒకే తలల లెక్క ఇవ్వాలి. లేకపోతే ఒకరు గ్యాస్, వడ్డించేవాళ్ల జీతాలు వదిలేసి రేటు వేస్తారు, షుగర్ ఉన్నవాళ్ల భోజనానికి తర్వాత విడిగా బిల్లు వస్తుంది. మినిట్స్‌లో "బంధుత్వం ప్రకటించి 10:40కి బయటికెళ్లారు, 11:05కి తిరిగొచ్చారు, ఓట్లు 4–0" అన్నంత వివరం ఉండాలి. ఆస్పత్రి మాట మాత్రం రాయకండి, "అనుమతితో గైర్హాజరు" చాలు.

కొత్త_సెక్రటరీ:
కాంట్రాక్టు నెలాఖరుకే అయిపోతుందండీ. ఈలోగా భోజనాలు?

బైలా_పుస్తకం:
పాత ఒప్పందంలో పొడిగింపు క్లాజు ఉందేమో చూడండి. ఉంటే పాత రేటుకే 30 రోజులు అడగండి, నోటీసు గడువు దాటనివ్వకండి. లేకపోతే ఆ 30 రోజులకీ తీర్మానం కావాలి, దానికీ మామగారు బయటికెళ్లాల్సిందే.