క్యాంపర్ వ్యాన్‌కి షోరూమ్ లోను రిజెక్ట్ అయింది, అడ్వాన్స్ లక్ష కట్టేశా. ఇప్పుడేం చేయాలి?

అల్లూరు గుంటల మనిషి:

అందరికీ నమస్తే. మాది నెల్లూరు జిల్లా అల్లూరు పక్కన. ఆరెకరాల రొయ్యల గుంటలు, చిన్న మేత కొట్టు. మా అమ్మకి మోకాళ్లు అరిగిపోయి బస్సు ఎక్కలేదు, రైలు మెట్లయితే అసలు చెప్పక్కర్లేదు. లోపల పడక, చిన్న వంటగట్టు, టాయిలెట్ ఉండే క్యాంపర్ వ్యాన్ కొని పెంచలకోన నుంచి కాశీ దాకా తిప్పాలని ఎన్నాళ్లుగానో ఉంది. రొట్టెల పండగలో దీనికి ఏ రొట్టె పట్టాలో తెలియక ధన రొట్టె పట్టుకుని వచ్చా, నవ్వుకోండి.

ఒక డీలరు ట్రావెలర్ బండి తీసుకుని లోపల పని అంతా చేయించి ఇస్తామన్నాడు. కొటేషన్ 29 లక్షలు. బండి 18, లోపలి పని 11. నేను 9 పెట్టుకుంటే 20 లోను వస్తుందన్నారు. ఎగ్జిక్యూటివ్ కుర్రాడు "మీకేంది సార్, రెండ్రోజుల్లో అప్రూవల్" అని లక్ష అడ్వాన్స్ కట్టించుకున్నాడు. ఆధార్, పాన్, ఆరు నెలల స్టేట్‌మెంట్ ఇచ్చా, ఎక్కడ సంతకం అంటే అక్కడ పెట్టా. వారం తర్వాత "పాలసీలో రావట్లేదు సార్" అన్నాడు. ఇంకో కంపెనీలో వేశా అన్నాడు, అదీ పోయింది. ఎందుకు పోయిందంటే చెప్పడు. అడ్వాన్స్ వెనక్కివ్వమంటే ఫారం వెనక చదువుకోండి అంటున్నాడు.

నా వైపు నుంచి ఒకటి ఉంది. 2025 ఆగస్టులో అమెరికా వాళ్లు సుంకం 50 శాతం చేశాక రేటు పడిపోయి, సరుకు కొన్నాయన డబ్బు ఆపేస్తే నా కారు ఈఎంఐ రెండు సార్లు బౌన్స్ అయింది, తర్వాత కట్టేశా. దాని వల్లేనా? వేరే షోరూమ్‌కి పోవాలా, పర్సనల్ లోను పెట్టాలా, లేక ఊళ్లో రెండు రూపాయల వడ్డీకి తెచ్చేదా?

కావలి కుర్రోడు:

టెన్షన్ వద్దన్నా. ఇంకో నాలుగు చోట్ల వేయించు, ఎవరో ఒకరు ఇస్తారు. మా బావమరిదికి ఐదో కంపెనీలో వచ్చింది.

ఒంగోలు పాత ఫైనాన్స్:

తమ్ముడు ఏమీ అనుకోకపోతే, అది మాత్రం చేయొద్దు. నేను ఒంగోలులో బండ్ల ఫైనాన్స్‌లో తొమ్మిదేళ్లు ఉన్నా, ముందు ఇళ్లకు పోయి ఎంక్వైరీ చేసే పని, తర్వాత ఫైళ్లు లాగిన్ చేసే, అంటే లోను దరఖాస్తులు కంపెనీలో ఎక్కించే టేబుల్. అల్లూరు అన్నా, మీరు ముందు తేల్చుకోవాల్సింది ఒకటే. వాళ్లు కాదన్నది మిమ్మల్నా, బండినా? ఈ రెండిటికీ మందు వేరు. అది తేలకుండా ఇంకో షోరూమ్‌కి పోతే అదే ఫైలు, అదే జవాబు, పైగా మీ క్రెడిట్ రిపోర్టులో, అంటే మీ అప్పుల చరిత్ర కాగితంలో, ఇంకో గీత.

మీరు రాసిన అంకెలు చూస్తే నాకు బండి మీదే అనుమానం. బండి ఇన్వాయిస్ 18, మీరడిగింది 20. ఇన్వాయిస్ కన్నా ఎక్కువ ఎవరిస్తారు? ఆ కుర్రాడు కొటేషన్ మొత్తం మీద లెక్కేశాడు, ఫైనాన్స్ వాడు చాసిస్ నంబరున్న బండి మీద లెక్కేస్తాడు. లోపలి సోఫా, ఫ్రిజ్, టాయిలెట్ వాడి కంటికి విలువ లేనివి. రేపు మీరు కట్టకపోతే సీజ్ చేసి యార్డులో పెడతాడు, మామూలు ట్రావెలర్ అయితే పెళ్లిళ్ల ట్రిప్పులు తిప్పేవాడు వారంలో కొంటాడు, మంచం ఉన్న బండిని ఎవడు కొంటాడు? "పాలసీలో రావట్లేదు" అంటే చాలాసార్లు ఇదే. కానీ అనుమానం మీద ఆగొద్దు, అడగండి. ఫైలు పోయింది బ్యాంకుకైతే కాదన్న ముఖ్య కారణం రాతపూర్వకంగా చెప్పాలని రిజర్వ్ బ్యాంక్ నిబంధన ఉంది. ఎగ్జిక్యూటివ్‌ని కాదు, బ్యాంకుకే మెయిల్ పెట్టండి. ఫైనాన్స్ కంపెనీ అయినా మెయిల్ పెట్టండి, పోయేదేం లేదు.

ఇవాళే చేయాల్సింది, మీ క్రెడిట్ రిపోర్టు తీసుకోండి. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్, ఈ నాలుగు కంపెనీలూ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. వాళ్ల సొంత సైట్‌లోనే తీయండి, "స్కోరు పెంచుతాం" అనేవాళ్ల దగ్గరికి పోవద్దు. మనది మనం చూసుకుంటే స్కోరు తగ్గదు. స్కోరు 300 నుంచి 900 దాకా ఉంటుంది, దాన్ని చూసి గుండె పట్టుకోకుండా కిందికి రండి. ప్రతి లోను కింద నెలనెలా చిన్న గళ్లు ఉంటాయి. 000 అంటే టైముకి కట్టారు, 030 అంటే 30 రోజులు లేటు. మూడేళ్ల గళ్లు కనబడతాయి, మీ కారు బౌన్సు ఎట్టా పడిందో అక్కడే తెలుస్తుంది. చివర్లో ఎంక్వైరీల పట్టిక ఉంటుంది, మీ ఫైలు ఎవరెవరు ఏ తేదీన తెరిచారో రాసి ఉంటుంది. అది చదివి చెప్పండి, అప్పుడు మాట్లాడదాం. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం అన్నా, తిరగడానికి కొనే బండికి ఆ ఊసే ఎత్తొద్దు.

అల్లూరు గుంటల మనిషి:

తీశా అన్నా. నిద్ర పట్టలేదు.

స్కోరు 681. కారు కింద ఒక నెల 030, మిగతావి 000. రెండు సార్లు బౌన్స్ అయినా రెండోది 30 రోజుల లోపే కట్టినట్టున్నా. ఎంక్వైరీలు చూస్తే తొమ్మిది రోజుల్లో ఏడు! ఆ అబ్బాయి నాకు చెప్పింది రెండు. ఇంకొకటి, నాలుగేళ్ల క్రితం మా ఊరి స్నేహితుడు హార్వెస్టర్ తీసుకుంటే ష్యూరిటీ సంతకం పెట్టా, మర్చిపోయా కూడా. అది నా రిపోర్టులో నా లోను లాగానే ఉంది, గ్యారంటర్ అని రాసి, గళ్లలో 060. వాడు రోజూ కనబడతాడు, టీ తాగుతాం, ఒక్క మాట చెప్పలేదు.

ఒంగోలు పాత ఫైనాన్స్:

అదే అసలు రోగం. బండి సంగతి సరే, మిమ్మల్నీ కాదన్నారన్నమాట. ఏడు ఎంక్వైరీలంటే ఫైలు చూసేవాడికి ఎట్టా కనబడుద్దంటే, ఈయనకి ఎక్కడా అప్పు పుట్టక ఊరంతా తిరుగుతున్నాడు అని. ఆ కుర్రాడికి ఏ కంపెనీలో అప్రూవ్ అయినా పేఅవుట్, అంటే కమీషన్ వస్తుంది కాబట్టి వల విసిరినట్టు అన్నిటిలో లాగిన్ చేశాడు. మీరు పెట్టిన సంతకాల్లో ఒకటి దానికి అనుమతే అయ్యుంటుంది. ఇక నుంచి మిమ్మల్ని అడక్కుండా ఎక్కడా లాగిన్ చేయొద్దని ఆ కుర్రాడికి వాట్సాప్‌లో రాసి పెట్టండి, నోటి మాట కాదు.

హార్వెస్టర్ సంగతి. సంతకం నిజంగా మీదే అయితే రిపోర్టు తప్పు కాదు, తప్పని డిస్ప్యూట్ (అభ్యంతరం) వేసినా నిలవదు. స్నేహితుడి చేత బాకీ కట్టించాల్సిందే, ఓవర్‌డ్యూ లేదని లెటర్ తీసుకోవాల్సిందే. "సెటిల్‌మెంట్ చేసేసుకుంటా" అంటాడేమో, అంటే బాకీలో కొంత కట్టి ముగించుకోవడం, ఒప్పుకోవద్దు. సెటిల్డ్ అని పడితే వాడితో పాటు మీకూ మచ్చే, క్లోజ్డ్ అని పడాలి. 2025 జనవరి నుంచి బ్యాంకులు కనీసం 15 రోజులకోసారి ఆ రిపోర్టు కంపెనీలకు (బ్యూరోలకు) వివరాలు పంపాలి కాబట్టి, కట్టాక మునుపటంత ఆలస్యం ఉండదు. ఒకవేళ కట్టినా కట్టనట్టే చూపిస్తే అప్పుడు డిస్ప్యూట్ వేయండి. 30 రోజుల్లో తేల్చాలి, దాటితే రోజుకు 100 రూపాయలు మీకే ఇవ్వాలి. దానికీ పలక్కపోతే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్, అంటే ఫిర్యాదులు వినే అధికారి, ఫోను 14448. లోను ఇవ్వలేదని మాత్రం అక్కడ ఫిర్యాదు చేయకండి, ఇవ్వడం ఇవ్వకపోవడం వాళ్ల వ్యాపార నిర్ణయం అని పక్కన పెడతారు.

ఇంకోటి చెప్పి ఆపేస్తా. ఎవరైనా మళ్లీ "9 శాతానికే ఇప్పిస్తా" అంటే, ఫ్లాట్ రేటా (మొదట తీసుకున్న మొత్తం మీదే చివరిదాకా వడ్డీ), తగ్గే బాకీ మీదా అని అడగండి. 10 లక్షలకి ఐదేళ్లు ఫ్లాట్ 9 అంటే నెలకు 24,167, అసలు రేటు 16కి దగ్గర పడుతుంది. 2024 అక్టోబర్ నుంచి లోనుకి కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అని ఒక కాగితం ఇవ్వాలి, దాంట్లో ఏపీఆర్ (ఖర్చులన్నీ కలిపిన ఏడాది వడ్డీ శాతం) అనే గడి ఉంటుంది, నేనైతే ఆ ఒక్క గడి చూసి మిగతాది తర్వాత చదువుతా.

నెల్లూరు ఆటోనగర్ బాడీ పని:

లోను సంగతి పెద్దాయన చెప్పేశారు. నాకు ఆర్సీ గురించి అనుమానం. అన్నా, ఆ డీలరు బండిని ముందు మామూలు ప్యాసింజర్ వ్యాన్‌గా రిజిస్టర్ చేసి, తర్వాత సీట్లు పీకి మంచం వేయిస్తానన్నాడా? అట్టాగయితే లోను వచ్చినా తీసుకోవద్దు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద ఆర్సీలో ఉన్నదానికి తేడాగా బండిని మార్చకూడదు, సుప్రీంకోర్టు కూడా 2019 జనవరిలో అదే గట్టిగా చెప్పింది. క్యారవాన్లకి ఏఐఎస్ 124 అని వేరే ప్రమాణం ఉంది. దాని ప్రకారం అప్రూవల్ ఉన్న బండి అయితేనే ఆర్సీలో ఆ పేరు పడుతుంది, సొంత వాడకానికైతే వైట్ బోర్డు, అంటే తెల్ల నంబరు ప్లేటు. అప్రూవల్ సర్టిఫికెట్ కాపీ చేతికిచ్చాకే మిగతా మాట.

మా షెడ్డుకి నెలకొకరు వస్తారు, గ్యాస్ స్టవ్ పెట్టమని, ఇన్వర్టర్ బ్యాటరీ సీటు కింద దాచమని. పని చేసి డబ్బు తీసుకోవచ్చు, కానీ రేపు తగలబడితే ఇన్సూరెన్స్ వాడు ఆర్సీ తీసి "ఇందులో మంచం ఏది" అంటాడు. ఫైనాన్స్ వాళ్లు ఈ బండ్లంటే వెనకాడటానికి ఇదీ ఒక కారణమే అనుకుంటా. ఆర్సీ సరిగ్గా క్యారవాన్‌గా ఉండి, లోపలి పని కూడా ఒకే ఇన్వాయిస్‌లో వస్తే అడగడానికి ముఖం ఉంటుంది. ఇన్సూరెన్స్‌లో కూడా ఆ మొత్తం విలువ రాయించుకోవాలి.

కందుకూరు టీచరమ్మ:

నాయనా, మాకూ రెండేళ్ల క్రితం షోరూమ్‌లో కాదన్నారు. మావారి రిటైర్మెంట్ డబ్బు ఎఫ్‌డీలో ఉంటే దాని మీదే బ్యాంకులో లోను తీసుకున్నాం. ఎఫ్‌డీ వడ్డీకి ఒక శాతం ఎక్కువ పడింది, స్కోరు అడగలేదు, బండి ఆర్సీ మీద హెచ్‌పీ (ఫైనాన్స్ తాకట్టు గుర్తు) కూడా ఎక్కలేదు. నీకు ఎఫ్‌డీ లేకపోతే బంగారం ఉంటుంది కదా, ఐదు లక్షలు దాటితే విలువలో 75 శాతం మించి ఇవ్వరు, రేటు పడితే నోటీసు వస్తుంది, అది గుర్తుపెట్టుకో. రొయ్యల ఇంట్లో బంగారం మొత్తం ఒక బండి మీద పెట్టడం నాకైతే ఇష్టం లేదు, ఒక పంటకి వైరస్ వస్తే మేతకి ఏం తాకట్టు పెడతావు?

అడుగుతున్నా అనుకోకు, అమ్మని అసలు అలాంటి బండిలో ఒక రాత్రి పడుకోబెట్టి చూశావా? మేము కొనే ముందు వారం అద్దెకి తీసుకుని శ్రీశైలం పోయొచ్చాం. ఆ బండికి మెట్టు ఎత్తు ఎంతో అప్పుడే తెలిసింది, మా అత్తగారికి స్టూలు వేసి ఎక్కించాల్సి వచ్చింది.

అల్లూరు గుంటల మనిషి:

మెట్టు సంగతి నాకు తట్టనే లేదమ్మా. ఆ బండికి కింద నుంచి మొదటి మెట్టుకి మా అమ్మ మోకాలి కన్నా పైనే ఉంది, ఇప్పుడు ఫొటో చూస్తే తెలుస్తోంది.

అడ్వాన్స్ కబురు చెప్తా. "ఫారం వెనక చదువుకోండి" అన్నాడు కదా, భూతద్దం పెట్టి నిజంగానే చదివా. క్యాన్సిల్ చేసుకుంటే 5 వేలు కోత అని ఉంది, అంతే! లక్ష పోతుందని ఎక్కడా లేదు. రసీదు షోరూమ్ పేరు మీదే ఉంది, కుర్రాడి ఫోన్‌పేకి పంపి ఉంటే ఏమయ్యేదో. వాళ్ల మేనేజర్‌కి మెయిల్ పెట్టి, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కూడా ఫోన్ చేశా. నాలుగో రోజున 95 వేలు అకౌంట్‌లో పడ్డాయి. అప్రూవల్ సర్టిఫికెట్ అడిగితే "అది అవసరం లేదు సార్, అందరూ ఇట్టాగే చేయిస్తారు" అన్నాడు.

కొత్త ఫైలు ఇప్పట్లో ఎక్కడా వేయను. రొయ్యల రెండో పట్టుబడి డబ్బు చూసుకుని, ఐటీ రిటర్నులు కూడా ఈసారి సరిగ్గా వేయించి, లోను 10 లోపే అడుగుతా. ముందు అద్దె బండిలో అమ్మని పెంచలకోన తీసుకెళ్తా. హార్వెస్టర్ వాడి ఇంటికి రేపు పొద్దున్నే పోతున్నా, ఊళ్లో ఇద్దరు పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని. టీ మాత్రం వాడింట్లోనే తాగుతా.

ఒంగోలు పాత ఫైనాన్స్:

లెటర్ లేకుండా లేవొద్దు అన్నా, వట్టి మాట కాదు, లోను నంబరున్న లెటర్.