అప్‌డేట్: ఆయన కల్లు మానారు, నేను ఇంకా వెళ్ళలేదు

కల్లు తాగి వచ్చి చేయి చేసుకునే భర్త గురించి, ఆయన వచ్చి పిలిస్తేనే వెళ్తానని పుట్టింట్లో కూర్చున్న నా గురించి ఇంతకుముందు అడిగాను. పంతం వదిలి వెళ్ళమని చాలామంది చెప్పారు. వెళ్ళలేదు.

జడ్చర్ల దగ్గరి మా అత్తగారి ఊళ్ళో ఆయన కూడా పంతానికి పోయి ఒక్కసారిగా కల్లు మానేశారు. చేతులు వణికాయి, నిద్ర పోయింది, గోడతో మాట్లాడారు, చివరకు ఫిట్స్. గాలి సోకిందని అత్తమ్మ తాయెత్తు కట్టించబోతే, మా ఆడపడుచు పోట్లాడి మహబూబ్‌నగర్ ఆసుపత్రికి తీసుకెళ్ళింది. కల్తీ కల్లులో అల్ప్రాజోలం, డయాజెపాం లాంటి మత్తుమందులు కలుపుతారట. ఒంటికి అలవాటైన ఆ మందు హఠాత్తుగా ఆగితే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే డాక్టర్ల పర్యవేక్షణలో మోతాదు మెల్లగా తగ్గిస్తూ మాన్పించాలి. 'కల్లే కదా, సారా కాదు కదా' అనేవాళ్ళు ఈ మాట రెండుసార్లు చదవండి.

చూడటానికి వెళ్ళాను, పిల్లల కోసమేనని అమ్మకు చెప్పి. అమ్మ నమ్మలేదు.

ఆయన క్షమాపణ అడగలేదు. "పత్తి ఏరాలి, మనుషులు దొరకడం లేదు" అన్నారు. అది పిలుపేనట! నాకు అలా వినపడలేదు. 2005 గృహహింస చట్టం ప్రకారం ఆ ఇంట్లో ఉండే హక్కు నాకూ ఉందని, మళ్ళీ చేయి లేస్తే మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోను చేస్తానని అత్తమ్మ ముందే చెప్పాను. ఆయన తల దించుకున్నారు. అత్తమ్మ మాత్రం నంబరు మళ్ళీ చెప్పమంది.

మందుల కోర్సు పూర్తయ్యాక మాట్లాడతాను. అప్పటిదాకా పత్తి కూలివాళ్ళే ఏరుతారు.