సమస్యాపూరణం: "ఎనిమిదింటను తొమ్మిది యిమిడిపోయె"

నిర్వాహకులు: చెన్నై మిత్రులకు ఈ వారం సమస్య ఇది. తేటగీతి. పాదానికి సూర్యగణం ఒకటి, ఇంద్రగణాలు రెండు, మళ్లీ సూర్యగణాలు రెండు. నాలుగో గణం మొదట యతి. ప్రాస నియమం లేదు. విషయం: గ్రహమని దేన్ని అనాలి?

అడయారు:
ప్రాగు సభయందు విబుధులు పట్టుఁబట్టి
చిన్న దనుచును ప్లూటోనుఁ జేర్చకుండ
గ్రహము లెనిమిది యని లెక్కఁ గట్టినారు
ఎనిమిదింటను తొమ్మిది యిమిడిపోయె

నిర్వాహకులు: గణయతులు కుదిరాయి. రెండో పాదం మాత్రం నిజం కాదు. 2006 ఆగస్టు 24న ప్రాగ్‌లో అంతర్జాతీయ ఖగోళ సంఘం పెట్టిన షరతులు మూడు: సూర్యుడి చుట్టూ తిరగాలి, సొంత గురుత్వంతో గుండ్రబడాలి, తన కక్ష్య పరిసరాలను ఖాళీ చేసుకోవాలి. ప్లూటో తప్పింది మూడోదానిలో. అడ్డుకొలత ఊసే అక్కడ లేదు; గురుడి ఉపగ్రహం గనిమీడ్ కన్నా బుధుడు చిన్నవాడు, అయినా గ్రహమే. "కక్ష్య నూడ్వని ప్లూటోనుఁ గాదటంచు" అని మార్చండి, యతి నిలుస్తుంది. అప్పటికీ ఒక చిక్కు మిగులుతుంది. తొమ్మిదోదాన్ని తీసేస్తే అది పోయినట్టే గాని ఇమిడినట్టు కాదు.

పెరంబూరు:
వరుస సంఖ్యలె పేరులై వఱలు వేళ
ఇనుని చెంతకు నిరువది యేండ్లు చేరి
ప్లూటొ నెప్ట్యూను కక్ష్యలోఁ బోయెఁ గాన
ఎనిమిదింటను తొమ్మిది యిమిడిపోయె

1979 నుంచి 1999 దాకా తొమ్మిదోదైన ప్లూటో ఎనిమిదోదైన నెప్ట్యూన్ కన్నా సూర్యుడికి దగ్గరగా ఉంది.

నిర్వాహకులు: చక్కటి ఊహ! "గాన" తర్వాత అచ్చు వస్తే సంధో యడాగమమో తప్పదు, సమస్య తొలి అక్షరం చెడుతుంది. "బోయె నిజము" అని వాక్యం ముగించండి.

నుంగంబాకం: ప్లూటో లోపలికి వచ్చిందంటే నెప్ట్యూన్ కూడా తన దారి ఊడ్చుకోనట్టే కదా? అప్పుడు అదీ గ్రహం కాకూడదు.

పెరంబూరు: ఊడ్వడమంటే ఒక్క రాయీ మిగలకూడదని కాదు, ఆ దారిలో పెత్తనం ఎవరిదన్నదే లెక్క. నెప్ట్యూన్ ద్రవ్యరాశి ప్లూటోకు దాదాపు 7,800 రెట్లు. నెప్ట్యూన్ మూడు చుట్లు తిరిగేసరికి ప్లూటో సరిగ్గా రెండు తిరిగేలా నెప్ట్యూన్ గురుత్వమే కట్టిపడేసింది. అందుకే దారులు అడ్డం వచ్చినట్టు కనిపించినా అవి ఢీకొనవు.

నుంగంబాకం: ఒప్పుకుంటాను. కానీ ఈ షరతుకు అంకెల్లో హద్దు గీయకపోవడం నిర్వచనంలో లోపమే. 1801లో దొరికిన సెరిస్ కూడా కొన్ని దశాబ్దాలు గ్రహంగా చలామణీ అయింది. కుజుడికీ గురుడికీ నడుమ ఉన్న అదే పట్టీలో వరసగా మరికొన్ని దొరికాక జాబితా నుంచి జారింది. వాటిలో ఏషియాను 1861లో ఖగోళవేత్త పోగ్సన్ మన మద్రాసు వేధశాల నుంచే కనుగొన్నారు.

మైలాపూరు:
నడుమ సూర్యుండు నిలువంగ నలు దెసలను
మూలలనుఁ జంద్రకుజముఖ్యమూర్తు లుండ
గుడిని దిక్కులె గృహములై కుదిరె నౌర
ఎనిమిదింటను తొమ్మిది యిమిడిపోయె

నిర్వాహకులు: సమస్య అర్థం బాగా అతికింది ఇందులోనే. అయితే నవగ్రహాల్లో సూర్యచంద్రులున్నారు, చంద్రుడి దారీ సూర్యుడి దారీ ఖండించుకునే బిందువులైన రాహుకేతువులున్నారు; ప్రాగ్ జాబితాకు దీన్ని జవాబుగా తేకండి. "నలుదెసలను" కలిపి రాయండి.