అప్‌డేట్: ఇంజిన్ దించకుండానే బండి బాగైందండీ

రెండు వారాల క్రితం అడిగాను కదా, మా పదకొండేళ్ల వంద సీసీ బండి రేజ్ ఇస్తే అరుస్తోంది గానీ లాగడం లేదని. ఒక షెడ్డులో ఇంజిన్ దించాలి, తొమ్మిది వేలు అవుతుందన్నారు. నా చేతిలో మూడు వేలే ఉన్నాయి. అమలాపురం చుట్టుపక్కల నమ్మకమైన మెకానిక్ కావాలన్నాను.

పాలక్యాన్లు, కొబ్బరికాయలు మోసే బండ్లు ఎక్కడ రిపేరుకి ఆగుతాయో చూడమని ఒకరు చెప్పారు. అదే పని చేశాను. అంబాజీపేట వైపు కాలవగట్టు మీద చిన్న షెడ్డు దొరికింది.

అక్కడి మెకానిక్ మొదట బండి తనే నడిపి చూశారు. క్లచ్ కేబుల్ తుప్పు పట్టి బిగుసుకుపోయింది. క్లచ్ లివర్‌కి ఆట (కొంచెం వదులు) లేక క్లచ్ ప్లేట్లు జారి అరిగిపోయాయి, అందుకే బండి లాగలేదు. ఇంజిన్ శుభ్రంగా ఉంది! ప్లేట్లు, కేబుల్, ఆయిల్ ఎంతెంతో కాగితం మీద రాసిచ్చాకే విప్పారు. నన్ను పక్కనే కూర్చోబెట్టుకుని, నల్లబడ్డ పాత ప్లేట్లు నా చేతిలో పెట్టారు. మొత్తం 1,950 రూపాయలు. అందులో ఐదొందలు జీతం వచ్చాక ఇమ్మన్నారు, మొన్న ఇచ్చేశాను.

అప్పు చేసి ఆ తొమ్మిది వేలూ కట్టేసేవాణ్ని. మీరందరూ ఆపారు, చాలా థ్యాంక్సండీ.

చైన్ స్ప్రాకెట్ కూడా అరిగిందట, సంక్రాంతి దాకా లాగుతుందన్నారు. దానికి ఇప్పటినుంచే కొంచెం కొంచెం దాస్తున్నాను.