మాట అంటేనే ఇవ్వాలా, మనమే చెబుతూ ఉండాలా?

సిరివాళ్లమ్మ: బాబుకి రెండేళ్ల మూడు నెలలు. లెక్కేస్తే పదిహేను మాటలు. "పాలు" అంటేనే గ్లాసు ఇవ్వమని మా ఆడపడుచు చెప్పింది. నిన్న అలాగే చేస్తే ఏడ్చి ఏడ్చి తాగకుండానే పడుకున్నాడు. ఏం చేయాలి?

కరీంనగర్ నాన్న: అలా ఏడిపించకండి. మా పాప తన పసుపు కప్పు ఒక్కదాన్నే "కప్పు" అనేది, స్టీలుది చూపిస్తే ఏమీ అనేది కాదు. అనమని అడగడం మానేసి, రకరకాల కప్పులు ముందు పెట్టి "ఇదీ కప్పే, ఇదీ కప్పే" అని రోజూ మేమే అన్నాం. మూడు వారాలకి టీకొట్టులో వాళ్ల తాత చేతిలోది చూసి "కప్పు" అంది. ఒకే ఆకారంలో ఉన్నవాటన్నిటికీ ఒకే పేరు వాడే అలవాటు, మాట ఆలస్యమైన పిల్లల్లో కనబడలేదని అమెరికాలో సుసాన్ జోన్స్ అనే పరిశోధకురాలు 2003లోనే రాశారు.

గుంటూరు నానమ్మ: మావాడు మూడున్నరకి నోరు విప్పాడు, ఇప్పుడు బ్యాంకులో మేనేజరు. ఇంట్లో తెలుగు, ప్లేస్కూల్లో ఇంగ్లీషు అయితే పసివాడికి ఏం అర్థమవుతుంది? ముందు ఒక్క భాషలో మాట్లాడండి.

కరీంనగర్ నాన్న: రెండు భాషల వల్ల మాట ఆలస్యం కాదమ్మా, రెండింటి మాటలూ కలిపి లెక్కపెట్టాలి. రెండేళ్లకి యాభై మాటలు లేకపోయినా, రెండు మాటలు కలపకపోయినా చూపించాలి. ముందు చెవి పరీక్ష.

గుంటూరు నానమ్మ: భాష సంగతి చెబితే పరీక్ష అంటావేం బాబూ?

అనంతపురం2: జిల్లా ఆసుపత్రిలో డైక్ సెంటర్ (DEIC, పిల్లల ఎదుగుదల సమస్యల్ని ముందే గుర్తించి చూసే ప్రభుత్వ కేంద్రం) ఉంటే అక్కడ పరీక్ష ఉచితం.

కరీంనగర్ నాన్న: మేనేజరు కథే మా అమ్మా చెప్పింది. ఏడాది ఆగాం. చెవిలో నీరు చేరిందని తర్వాత తేలింది. మేం పిలుస్తుంటే పాపకి సరిగ్గా వినబడలేదు, పొగరనుకుని నేను కసిరాను కూడా. ఆ ఏడాది ఎవరు తెచ్చిస్తారు?

గుంటూరు నానమ్మ: మీ అమ్మ మీద కోపం నా మీద చూపించకు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మనవడితో ఉండేది నేనే. అన్నం తినడని ఫోను ఇచ్చింది కూడా నేనే. డాక్టరు దగ్గరికి వెళ్తే అందరి ముందూ "ఎవరు చూసుకుంటారు" అని అడుగుతారు. పరీక్ష వద్దని కాదు, నావల్లే మాట రాలేదంటారేమోనని భయం.

కరీంనగర్ నాన్న: అమ్మా, మీ మనవడికీ మాట రాలేదా? ఎన్నేళ్లు?

గుంటూరు నానమ్మ: మూడు నిండుతాయి.

సిరివాళ్లమ్మ: సోమవారం చెవి పరీక్షకి వెళ్తున్నాం. ఇవాళ అడక్కుండానే గ్లాసు ఇచ్చి "పాలు, వెచ్చటి పాలు" అని నేనే అన్నాను. తాగుతూ తాగుతూ నా పెదాల వైపే చూశాడు.